ప్రశ్నలు - జవాబులు: నివేదిక వెనుకనున్న చేతులు

ఈ మాసము మాకందిన జాబులలో అధికభాగము క్రిమినలు కేసులలోని ప్రయోగశాలల నివేదికలను గూర్చియు, ఫోన్లను కెమెరాలను గూర్చియు నుండుటచేత, తక్కిన ప్రశ్నలను వచ్చు సంచికకు వాయిదా వేసి, వీనికే జవాబులు వ్రాయుచున్నాను.

ప్రశ్న: నేను బారులో చేరి మూడేళ్లయింది. ఒక హత్య కేసులో ముద్దాయి తరఫున వకాల్తా వేశాను. అతని చొక్కా మీది రక్తపు మరక మృతుని డి.ఎన్.ఏ.తో సరిపోయిందని ల్యాబు నివేదిక వచ్చింది. "డి.ఎన్.ఏ. వచ్చాక ఇక మిగిలిందేముంది, శిక్ష తగ్గించమని వేడుకో" అంటున్నారు మా సీనియరుగారు. నిజంగా చేయగలిగింది ఏమీ లేదా?
- ఒక యువ న్యాయవాది, తెనాలి

జవాబు: మీ సీనియరుగారి అనుభవమునెడ నాకు గౌరవము కలదు గాని, ఆ మాటను మాత్రము ఒప్పుకొనజాలను. డి.ఎన్.ఏ. శాస్త్రము నేరవిచారణలో తొలిసారి అడుగుపెట్టినప్పుడు అది చేసిన మొదటి పని ఒక నిరపరాధిని విడిపించుట. ఇంగ్లండులోని లీస్టరు విశ్వవిద్యాలయమున అలెక్ జెఫ్రీస్ 1984లో ఈ పద్ధతిని కనుగొనిన రెండేండ్లకు, ఆ ప్రాంతమందే జరిగిన ఇద్దరు బాలికల హత్యలలో ఒకదానిని తానే చేసితినని పోలీసుల యెదుట ఒప్పుకొనిన పదునేడేండ్ల యువకుని రక్తమును పరీక్షింపగా, ఆ రెండు ఘోరములకును కర్త ఒక్కడే యనియు, ఆ యొక్కడు ఈ యువకుడు మాత్రము కాడనియు తేలెను. మనిషి నోట వచ్చిన ఒప్పుకోలు అబద్ధమై, మాటాడని రక్తము నిజము చెప్పినది. కావున ఈ శాస్త్రము ప్రాసిక్యూషను వారి సొత్తని యెవరైన నన్నచో నమ్మకుడు. అది మీ కక్షిదారునకును అంతే చెందినది.

ఇక మీ కేసు సంగతి. మరక ఎవరిదో ప్రయోగశాల చెప్పగలదు. ఆ మరక అక్కడి కెట్లు వచ్చెనో, ఎప్పుడు వచ్చెనో, ఎవరి చేతులమీదుగా వచ్చెనో చెప్పజాలదు. 2012లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒక ధనికుని హత్య జరుగగా, మృతుని గోళ్లలో ఒక నిరుపేదవాని డి.ఎన్.ఏ. దొరకెను, అతనిని ఐదు నెలలకు పైగా చెరలో నుంచిరి. అతని తరఫున వాదించుటకు ప్రభుత్వము నియమించిన న్యాయవాది ఓపికతో వైద్యశాల కాగితములు తిరుగవేయగా, హత్య జరిగిన రాత్రి అతడు మితిమీరి త్రాగి స్పృహ తప్పి ఆసుపత్రిలోనే పడియుండెనని బయటపడినది. అతనిని ఆసుపత్రికి చేర్చిన వైద్యసహాయకులే కొన్ని గంటల తరువాత హత్యాస్థలమునకు పోయి మృతుని తాకియుండిరి. అతని కణములు వారి వెంట ప్రయాణము చేసినవి. ప్రయోగశాల చెప్పినదానిలో ఒక్క యక్షరమైనను తప్పు లేదు, ఐనను మనిషి నిర్దోషి! ఈ ఉదంతమును మీరు మరువరాదు.

మన దేశమున ఇంతకంటె తరచుగా తెగిపోవు లంకె మరియొకటి కలదు. అది నమూనా దాచిన తావు. 2012లో ఢిల్లీనుండి అపహృతయై హతురాలైన యువతి కేసులో, క్రింది కోర్టు ఉరిశిక్ష విధింపగా హైకోర్టు ఖాయపరచిన ముగ్గురిని 2022 నవంబరు 7న సుప్రీంకోర్టు విడుదల చేసినది. ఫిబ్రవరి 14, 16 తేదీలలో సేకరించిన నమూనాలు 27వ తేదీ దనుక పోలీసు మాల్‌ఖానాలోనే యుండెననియు, ఆ నడుమ వానిని ఎవరును తాకలేదనుటకు నమ్మదగిన ఆధారము లేదనియు, డి.ఎన్.ఏ. నివేదిక ఏ ప్రాతిపదికపై వ్రాయబడెనో, పరీక్షలు సక్రమముగ జరిగెనో లేదో క్రింది కోర్టులేవియు విచారింపలేదనియు ఆ తీర్పు చెప్పుచున్నది. ఆ తీర్పును చదివినప్పుడెల్ల నా మనస్సు కలతపడును. ఏలయన, పెట్టెకు సీలు వేయుటలోను, రిజిస్టరులో ఒక పంక్తి వ్రాయుటలోను చూపిన అశ్రద్ధవలన ముద్దాయిలు ఏండ్లతరబడి ఉరికంబపు నీడలో నుండిరి, బిడ్డను పోగొట్టుకొనిన తల్లిదండ్రులకును ఏ సమాధానమును దక్కలేదు. 2025 జులైలో తమిళనాడు కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు దేశమంతటికిని ఆదేశములిచ్చి, సేకరించిన డి.ఎన్.ఏ. నమూనాను 48 గంటలలో ప్రయోగశాలకు చేర్చవలెననియు, జాప్యమైనచో కారణము వ్రాయవలెననియు, చేతులు మారిన ప్రతిసారియు ఒక రిజిస్టరులో నమోదు చేసి దానిని కేసు రికార్డుతో జతపరుపవలెననియు కట్టడి చేసినది.

కనుక మీరు మొదట నివేదికను ప్రక్కన బెట్టి, పంచనామా మొదలుకొని దాని దారిలో నడువుడు. చొక్కాను ఏ తేదీని, ఏ గంటకు, ఎవరి సమక్షమున స్వాధీనపరచుకొనిరి? తడిదా, పొడిదా? మృతుని వస్త్రములును ఆ చొక్కాయు ఒకే సంచిలో కట్టిరా? సీలు మీది గుర్తు పంచనామాలో చెప్పినదియు, ల్యాబు వారు అందుకొనినప్పుడు వర్ణించినదియు ఒక్కటేనా? సంఘటన 2024 జులై 1కి తరువాతిదైనచో, కొత్త నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షను ప్రకారము సోదాను, జప్తును వీడియో తీయవలసియున్నది. ఆ వీడియో ప్రతిని అడుగుడు. ఇవి ముగిసిన పిమ్మట ల్యాబు నివేదికకు రండు. "సరిపోయినది" అను మాట ఒక్కటియే యుండి, అట్టి పోలిక యాదృచ్ఛికముగ మరియొకనియందు కనబడుటకు ఎంత అవకాశమో లెక్క చెప్పనిచో ఆ నివేదిక అసంపూర్ణము. పరీక్ష గ్రాఫులు, నిపుణుడు తన చేతితో వ్రాసికొనిన నోట్సు, కలగలుపు ఏమైన జరిగినదేమో తెలిసికొనుటకు ప్రక్కన నడిపిన కంట్రోలు నమూనా ఫలితము తెప్పింపవలెనని పిటిషను వేయుడు. ప్రభుత్వ నిపుణుని నివేదికను అతనిని పిలువకయే సాక్ష్యముగ స్వీకరింపవచ్చునని ఆ సంహిత 329వ సెక్షను చెప్పుచున్నది గాని, అతనిని పిలిపించి విచారించు అధికారము కోర్టునకు అదే సెక్షను ఇచ్చినది. మీరడుగనిచో పిలువరు. నా ప్రాక్టీసు తొలినాళ్లలో ఒక సెషన్సు కేసున నివేదిక కడపటి పుట మాత్రమే చదివి, నిపుణుని పిలిపింపక, వాదనకు లేచితిని. ఆ పొరపాటు నన్నిప్పటికిని బాధించుచున్నది.

ఇంత చేసినను లంకె తెగకపోవచ్చును, నివేదిక నిలబడవచ్చును. అప్పుడు మీ సీనియరుగారి సలహా తీసికొనుడు. అంతకు ముందు వలదు.

ప్రశ్న: మా అబ్బాయి ఒక కొట్లాట కేసులో జైల్లో ఉన్నాడు. ఆ సమయానికి వాడి ఫోను ఆ ఊరి టవరు కిందే ఉందని పోలీసులు అంటున్నారు. వాడేమో పక్క ఊరిలో చెప్పుల దుకాణంలో ఉన్నానని, ఫోనుతోనే డబ్బు కట్టానని ఏడుస్తున్నాడు. ఆ దుకాణంలో కెమెరా కూడా ఉందట. మేము కూలి పని చేసుకునేవాళ్లం. ఏం చేయాలో చెప్పండి సారూ.
- ఒక తల్లి, జనగామ

జవాబు: అమ్మా, ముందుగా ధైర్యము తెచ్చుకొనుడు, కాని ఈ జాబు చదివిన దినముననే కదలవలెను. దుకాణములలోని కెమెరా యంత్రములు నిండిన కొలది పాత బొమ్మలను తామే చెరిపివేసికొని క్రొత్తవానిని నింపుకొనును. కొన్నిచోట్ల రెండు వారములు, కొన్నిచోట్ల నెల, అంతకుమించి నిలుచుట అరుదు. మీ యింటివారెవరైన నేడే ఆ దుకాణదారునొద్దకు పోయి, ఆనాటి రికార్డును చెరిపివేయవలదని మర్యాదగ కోరి, వ్రాతమూలకముగ ఒక కాగితమిచ్చి, దాని నకలుపై సంతకము తీసికొనవలెను. ఆ రికార్డును మీ ఫోనులో వీడియో తీసికొని తృప్తిపడరాదు. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యమునకు సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము సర్టిఫికెట్టు కావలెను. అందు ఒక భాగము యంత్రము ఎవరి యధీనములో నున్నదో వారును, ఇంకొక భాగము నిపుణుడును సంతకము చేయవలెను. ఫైలుయొక్క హ్యాష్ విలువ కూడ అందు వ్రాయుదురు. హ్యాష్ విలువ యనగా ఫైలునకు లెక్కగట్టి తీసిన వ్రేలిముద్ర వంటిది. ఫైలులో ఒక్క చుక్క మారినను ఆ సంఖ్య పూర్తిగ మారిపోవును.

టవరు మాటకు వత్తము. ఫోను ఒక టవరును పట్టుకొనినదనగా ఆ టవరు క్రిందనే మనిషి నిలిచియున్నాడని అర్థము కాదు. పల్లెపట్టులలో ఒక్కొక్క టవరు కొన్ని కిలోమీటర్ల మేర పలుకును. దగ్గరి టవరుపై రద్దీ యెక్కువైనను, నడుమ గుట్ట అడ్డమైనను ఫోను దూరపు టవరును పట్టుకొనును. మీవాడున్న దుకాణము ఆ పరిధిలోనే యుండవచ్చును. కాల్ రికార్డులో టవరు చిరునామాయే గాక, ఏ దిక్కునకు తిరిగిన యాంటెన్నాకు ఫోను తగిలెనో కూడ యుండును. వకీలును అది చూడుమనుడు. ఫోను కంపెనీలు ఈ రికార్డులను రెండేండ్లు భద్రపరుపవలెనని 2021 డిసెంబరులో లైసెన్సు షరతు మార్చిరి. కేసులు అంతకంటె ఎక్కువకాలము నడచును గనుక, వానిని భద్రపరుపుమని కోర్టువారిని ఇప్పుడే వేడుకొనవలెను. ఇందొక చిక్కు కలదు: తన సాక్ష్యపు వంతు రాకమునుపు పత్రములను తెప్పించుమని యడుగుటకు ముద్దాయికి సాధారణముగ హక్కు లేదని దేబేంద్రనాథ్ పాఢీ కేసులో సుప్రీంకోర్టు చెప్పియున్నది. కావున పిటిషనులో "తెప్పించుడు" అనక "చెరిగిపోకుండ కాపాడుడు" అని వ్రాయించుడు.

మీ అబ్బాయి ఫోను ఇంటియొద్దనే యున్నచో దానిని ముట్టకుడు, అందులో నుండి ఏమియు తీసివేయకుడు. మంచియుద్దేశముతో చెరిపినను అది నేరమును దాచినట్లు కనబడును. డబ్బు కట్టిన రసీదు బ్యాంకువారి స్టేటుమెంటులో గంట, నిమిషముతో సహా దొరకును. మీవానిని పోలీసులు పట్టుకొనిపోయిన దినమొకటియు, అరెస్టు చూపిన దినమొకటియు ఐనచో అది కూడ వకీలుకు చెప్పుడు. ఏలయన, పోలీసు స్టేషన్లలో కెమెరాలుంచి రికార్డును పదునెనిమిది నెలలు, అది వీలుకానిచోట కనీసము ఒక యేడాది భద్రపరుపవలెనని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించినది. వకీలు ఫీజునకు వెరవకుడు. జైలులో నున్నవానికి ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచిత న్యాయసహాయము పొందు హక్కు కలదు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు పొండు, లేదా 15100కు ఫోను చేయుడు.

ప్రశ్న: దొంగతనం కేసులో ఇరుక్కున్న మా అన్నయ్య "నార్కో పరీక్షకైనా, లై డిటెక్టరుకైనా సిద్ధం" అని అందరితో అంటున్నాడు. ఒప్పుకుంటే నిర్దోషి అని తేలిపోతుందా?
- ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: తేలదు. లై డిటెక్టరు యంత్రము అబద్ధమును కొలువదు. నాడిని, శ్వాసను, చెమటను కొలుచును. పోలీసుల నడుమ కూర్చున్న నిరపరాధికి గుండె దడదడలాడుట వింతయా? సమ్మతి లేక ఈ పరీక్షలు జరుపుట రాజ్యాంగవిరుద్ధమని 2010 మే 5న సెల్వీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. సమ్మతించి చేయించుకొనినను ఆ ఫలితము సాక్ష్యము కాజాలదు, దానిమూలమున ఏదైన వస్తువో విషయమో బయటపడినచో అది మాత్రము ఉపయోగింపబడవచ్చును. అనగా మేలు స్వల్పము, ప్రమాదము మెండు. మీ అన్నగారు వకీలును సంప్రదింపక ఏ సమ్మతిపత్రముపైనను సంతకము చేయరాదు. ఐతే వ్రేలిముద్రలు, చేవ్రాలు, కంఠస్వర నమూనా ఇమ్మని మేజిస్ట్రేటు ఆదేశించినప్పుడు నిరాకరించుటకు ఇదే న్యాయము వర్తింపదు; అవి తనపై తాను చెప్పుకొను సాక్ష్యము కావని కోర్టులు నిర్ణయించినవి.

ప్రశ్న: రెండు సందేహాలు. నా కక్షిదారును ముఖాలను గుర్తించే సాఫ్ట్‌వేరు చూపిన పోలికతోనే అరెస్టు చేశారు. దీన్ని ఎలా ఎదుర్కోవాలి? అలాగే, తీర్పులు వెదకడానికి కృత్రిమ మేధను వాడటం తప్పా?
- ఒక న్యాయవాది, హైదరాబాదు

జవాబు: ముఖపు పోలిక దర్యాప్తునకు ఒక జాడ మాత్రమే, నిర్ణయము కాదు. 2020 జనవరిలో అమెరికాలోని డెట్రాయిట్ నగరమున, దుకాణములో గడియారములు దొంగిలించిన వాని మసక వీడియోను యంత్రమున కిచ్చి, అది చూపిన పోలికను నమ్మి ఒక గృహస్థుని భార్యాబిడ్డల కన్నులయెదుటనే పట్టుకొనిపోయిరి. అతడు కాడని తరువాత తేలెను. ఇట్టి కేసులలో ఇన్‌స్పెక్టరును ప్రతిపరీక్షలో అడుగవలసినవి కొన్ని కలవు. యంత్రమునకు ఇచ్చిన బొమ్మ ఏది, అది ఎంత స్పష్టము? యంత్రము ఒక్క పేరే చూపెనా, పదిమందిని వరుసగ చూపెనా? చూపినచో తక్కిన తొమ్మండుగురిని ఏల విడిచిరి? ఎంతశాతము పోలికను చాలుననుకొనిరి, ఆ హద్దును ఎవరు నిర్ణయించిరి? సాక్షికి ముందు ఆ ఫోటోను చూపి తరువాత గుర్తింపు పెరేడు నడిపించియున్నచో ఆ గుర్తింపునకు విలువ యుండదని గట్టిగ వాదింపుడు.

కృత్రిమ మేధను వాడుట తప్పని నేననను. చూడకుండ నమ్ముట తప్పు. 2023లో న్యూయార్కులో ఇద్దరు న్యాయవాదులు అది కల్పించి యిచ్చిన, ఎన్నడును వెలువడని ఆరు తీర్పులను ఉదాహరించి ఐదువేల డాలర్ల జరిమానాకు గురియైరి. పేర్లు, సంవత్సరములు, పుటసంఖ్యలు అన్నియు నిజమువలెనే యుండును, తీర్పు మాత్రము భూమిమీద నుండదు. కావున మూలమును తెరచి చదువని ఒక్క తీర్పును గూడ వాదనలో ఉదాహరింపకుడు. కక్షిదారు మీకు రహస్యముగ చెప్పినదానిని, బాధితుల పేర్లను ఆ యంత్రములలో ఎక్కింపకుడు. అవి ఎచటికి పోవునో మీకు తెలియదు.

ఐతే దానివలన మనకు నిజముగ కలుగు ఉపకారము వేరొకచోట నున్నది. అభియోగపత్రముతోబాటు వేలకొలది పంక్తుల కాల్ రికార్డు వచ్చినప్పుడు, ఒంటరియైన వకీలు దానిని చదువజాలక విడిచిపెట్టును. యంత్రమైనచో సంఘటన నాటి రాత్రి ఫోను ఏయే టవర్లు మారెనో, పంచనామాలోని గంటకును దానికిని ఎక్కడ పొసగదో కొన్ని నిమిషములలో చూపును. అది చూపిన తావుకు పోయి, అసలు కాగితమును బల్లపై పరచి, ఆ పంక్తి క్రింద స్కేలు పెట్టి మీ కన్నులతో చదివి, ఆ పుటసంఖ్యను మీ నోట్సులో వ్రాసికొని, వాయిదానాడు సాక్షి బోనెక్కినప్పుడు ఆ పంక్తినే అతని చేతికిచ్చి చదువుమనుడు.