బధిరుల భాష – ప్రభుత్వ ప్రణాళిక

చెవిటివాని ముందు శంఖం ఊదినట్లు అనే సామెత తెలియని తెలుగువారుండరు. వినలేనివానికి చెప్పబోవడం వ్యర్థమని దాని భావం. చెవికి అందనిదానిని కంటికి అందించవచ్చునన్న ఊహ ఆ సామెత కట్టినవారికి కలిగినట్లు లేదు. బధిరుల చదువు విషయంలో ప్రపంచం కూడా చాలాకాలం ఈ సామెత చెప్పిన తీరుననే నడిచింది.

పద్దెనిమిదవ శతాబ్దంలో ప్యారిస్ నగరంలో డి లెపే అనే మతాచార్యుడు పేద బధిర బాలలను చేరదీసి, వారు తమలో తాము వాడుకొనే సైగలనే ఆధారంగా చేసుకొని చదువు చెప్పాడు. ఆ పద్ధతి ఎన్నో దేశాలకు పాకింది. కాని 1880లో ఇటలీలోని మిలన్ నగరంలో సమావేశమైన ఉపాధ్యాయులు, బధిరులకు పెదవుల కదలికను చూసి గ్రహించడం, నోటితో పలకడం మాత్రమే నేర్పాలని తీర్మానించారు. తీర్మానించినవారిలో దాదాపు అందరూ వినగలవారే. ఫలితంగా చేతులు కదిపిన పిల్లలను దండించిన పాఠశాలలు ఎన్నో. బధిర ఉపాధ్యాయులు కొలువులు పోగొట్టుకొన్నారు. మన దేశంలో బొంబాయిలో 1880లలోను, కలకత్తాలో 1893లోను బధిర పాఠశాలలు వెలసింది ఈ తీర్మానపు నీడలోనే. నూట ముప్పై ఏండ్ల తరువాత, 2010లో, కెనడాలోని వాంకూవర్‌లో జరిగిన అదే పరంపర సమావేశం నాటి తీర్మానాన్ని త్రోసిపుచ్చి విచారం ప్రకటించింది. ఈలోగా ఎన్ని తరాల పిల్లలు భాష లేకుండా పెరిగారో లెక్క కట్టినవారు లేరు.

సంజ్ఞాభాష అనగానే చాలామందికి మూకాభినయం స్ఫురిస్తుంది. కూచిపూడి నర్తకి పట్టే ముద్రలు, పశువుల సంతలో తువ్వాలు చాటున వేళ్లు పట్టుకొని సాగించే బేరాలు కూడా సైగలే కదా అనిపిస్తుంది. అయితే ముద్రలు పాటకు తోడుగా నిలిచేవి, సంత సైగలు ధర చెప్పడానికి మాత్రమే పనికివచ్చేవి. వాటితో నిన్న జరిగినది చెప్పలేము, రేపటిని గూర్చి వాదించలేము, అబద్ధమాడలేము. సంజ్ఞాభాషలో ఇవన్నీ చేయవచ్చు. 1960లో విలియం స్టోకీ అనే అమెరికా పండితుడు, మాటలు ధ్వనులుగా విడిపోయినట్లే సంజ్ఞలు కూడా చేతి ఆకారం, స్థానం, కదలిక అనే అంశాలుగా విడిపోతాయని నిరూపించాడు. భారతీయ సంజ్ఞాభాషకు గల వ్యాకరణం తెలుగువారికి మరీ పరాయిది కాదు. ఇంగ్లీషులో 'ఈజ్' వంటి క్రియ లేనిదే వాక్యం నిలవదు. మనమో, 'ఆయన ఉపాధ్యాయుడు' అని క్రియ లేకుండానే ముగిస్తాము. సంజ్ఞాభాషలోనూ అంతే. క్రియ వాక్యం చివర రావడం కూడా మన పద్ధతే. ఏమిటి, ఎక్కడ వంటి ప్రశ్నపదాలు, లేదు, కాదు వంటి నిషేధాలు సాధారణంగా వాక్యాంతంలో వస్తాయి. కనుబొమలు పైకెత్తితే చెప్పిన మాటే ప్రశ్నగా మారుతుంది. ముఖం అక్కడ అలంకారం కాదు, వ్యాకరణం. 1970లలో మదన్ వశిష్ఠ అనే భారతీయ బధిర విద్వాంసుడు, ఆయన సహచరులు ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, బెంగుళూరు నగరాల్లో సంజ్ఞలను సేకరించి పోల్చగా, వాటిలో సుమారు నాలుగింట మూడు వంతులు సన్నిహిత సంబంధం గలవని తేలింది. నోటి భాషలు ఇన్ని విధాలుగా చీలిన దేశంలో ఇది ఆశ్చర్యం కలిగించే సంగతి.

ఇక మన పల్లెకు వద్దాము. అనకాపల్లి జిల్లా, దేవరాపల్లి మండలంలో ఒక రైతు ఇంట వినికిడి లేని ఆడశిశువు జన్మించినదనుకొందాము. బధిర శిశువుల్లో నూటికి తొంభైమందికి పైగా వినగల తల్లిదండ్రులకే పుడతారు. కనుక ఆ ఇంట సంజ్ఞాభాష ఎరిగినవారు ఉండరు. పిలిస్తే పలకదని తల్లి గుర్తించేసరికే కొంతకాలం గడుస్తుంది. ఆపై ఆసుపత్రి పరీక్షలు, వైకల్య ధ్రువపత్రం. మన రాష్ట్రంలో వైకల్య పింఛను 2024 జూలైలో నెలకు 6,000 రూపాయలకు పెరిగింది. ఆరోగ్యశ్రీ క్రింద చిన్నపిల్లలకు చెవిలో యంత్రం అమర్చే కాక్లియర్ శస్త్రచికిత్సలు కూడా జరిగాయి. ఇవన్నీ అవసరమైనవే. అయితే శస్త్రచికిత్స తరువాత ఏండ్ల తరబడి మాటల శిక్షణ కావాలి, అది అందరికీ ఒకేలా ఫలించదు. ఈలోగా భాష నేర్చే తొలి వయస్సు ఆగదు. ఆకలి, నిద్ర, రా, పో అనే నాలుగు ఇంటి సైగలతో అయిదేండ్లు నిండిన బిడ్డ బడిలో కూర్చుంటే, ఆమెకు పాఠమే కాదు, పాఠం చెప్పే భాష కూడా కొత్తదే. నా దృష్టిలో అసలు వైకల్యం ఇది. చెవి వినకపోవడం కన్న ఇదే పెద్దది.

మండలస్థాయిలో ప్రత్యేక అవసరాలు గల పిల్లల కొరకు భవిత కేంద్రాలు ఉన్నాయి. అయితే అక్కడి ఉపాధ్యాయుడు అంధత్వం మొదలు బుద్ధిమాంద్యం వరకు అన్ని విధాల పిల్లలనూ చూసుకోవాలి. సంజ్ఞాభాషలో ధారాళంగా మాట్లాడగలవారు దొరకడం అరుదు. ప్రత్యేక పాఠశాల కావాలంటే విశాఖపట్నం పోవాలి, లేదా బాపట్లలోని ప్రభుత్వ ఆశ్రమ పాఠశాలకో, తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం 1974 నుండి నడుపుతున్న బధిర పాఠశాలకో పంపాలి. దేవరాపల్లి మండలంలోని రైవాడ జలాశయం నీరు కాలువ వెంట విశాఖ నగరం దాకా సాగిపోతుంది. నగరంలోని చదువు మాత్రం ఎదురు ప్రవహించి రైవాడ చేరదు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వినికిడి లోపం గలవారు 50 లక్షలకు పైగా ఉన్నారు. ఇంతమంది భాషను గూర్చి ప్రభుత్వం ప్రణాళికాబద్ధంగా ఆలోచించడం ఆలస్యంగానే మొదలైంది. 2007లో ప్రారంభమైన పదకొండవ పంచవర్ష ప్రణాళిక, బధిరుల అవసరాలు ఉపేక్షకు గురయ్యాయని అంగీకరించి, సంజ్ఞాభాషా పరిశోధన, శిక్షణ కేంద్రాన్ని సంకల్పించింది. 2011లో ఢిల్లీలో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఆరంభమైన ఆ కేంద్రం రెండేండ్లకే మూతపడింది. బధిరుల సంఘాలు ఆందోళన చేశాయి. 2015 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గ ఆమోదంతో అది స్వతంత్ర సంస్థగా మళ్లీ అవతరించింది. 2018లో 3,000 పదాలతో వెలువడిన దాని నిఘంటువు 2021 నాటికి 10,000 పదాలకు పెరిగింది. తెలుగు నిఘంటువులకు పుటలు ఉంటాయి, దీనికి దృశ్యఖండికలు ఉంటాయి.

చట్టం కూడా మారింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, బధిరులకు అనువైన భాషలోనే విద్య నేర్పాలని, సంజ్ఞాభాష ఎరిగిన ఉపాధ్యాయులను, వారిలో వికలాంగులను కూడా, తయారుచేసి నియమించాలని ప్రభుత్వాలను ఆదేశించింది. 2020 జాతీయ విద్యావిధానం భారతీయ సంజ్ఞాభాషను దేశమంతటా ప్రమాణీకరించాలన్నది. స్థానిక సంజ్ఞలను గౌరవించాలని కూడా అన్నది. వ్యవహార భాష కోసం గిడుగు రామమూర్తి చేసిన పోరాటం ఎరిగిన తెలుగువారికి ఈ రెండవ వాక్యం విలువ తెలియనిది కాదు. 2024 డిసెంబరులో సంజ్ఞాభాషా పాఠాల కొరకే ఒక టెలివిజన్ ఛానల్ మొదలైంది. 2023 సెప్టెంబరులో సారా సన్నీ అనే బధిర న్యాయవాది, సంజ్ఞాభాషా దుబాసీ సహాయంతో సుప్రీంకోర్టు విచారణలో పాల్గొన్నది.

ఈ పాఠం చదువుతున్నవారికి దగ్గరి విషయం ఒకటి ఉన్నది. బధిర విద్యార్థులకు ఒక భాషా పరీక్ష నుండి మినహాయింపు ఇచ్చే సంప్రదాయం మన పరీక్షా విధానంలో ఉంది. అది దయతో ఇచ్చినదే. అయితే భారాన్ని తీసివేయడం వేరు, భాషను ఇవ్వడం వేరు. 2021లో జాతీయ సార్వత్రిక పాఠశాల విద్యాసంస్థ భారతీయ సంజ్ఞాభాషను మాధ్యమిక స్థాయిలో ఒక భాషా విషయంగా ప్రవేశపెట్టింది. ద్వితీయ భాషగా తెలుగునో, హిందీనో, సంస్కృతాన్నో ఎంచుకొన్నట్లే దీనిని కూడా ఎంచుకొనే వీలు జూనియర్ కళాశాలలో ఉంటే, మినహాయింపు అవసరమే పడదు. వినగల విద్యార్థులు సైతం దీనిని ఎంచుకొంటే, దుబాసీల కొరత తీరే మార్గం దొరుకుతుంది.

ఢిల్లీ సంస్థ దుబాసీలకు ఒక డిప్లొమాను, సంజ్ఞాభాష బోధించదలచిన బధిరులకు మరొక డిప్లొమాను నడుపుతున్నది. మండలాలకు అత్యవసరమైనది ఈ రెండవది. అటువంటి శిక్షణ పొందిన ఒక బధిర యువతికి భవిత కేంద్రంలో కొలువు ఇస్తే, మనం ఊహించుకొన్న ఆ రైతు బిడ్డ తనవంటి పెద్దమనిషిని మొదటిసారి చూస్తుంది. తల్లి, అంగన్‌వాడీ కార్యకర్త, ఇరుగుపొరుగు పిల్లలు ఆమె వద్ద రోజుకు కొన్ని సంజ్ఞలు నేర్చుకోగలరు. ఇది గొంతెమ్మ కోరిక కాదు. మన హిందూపురానికి దగ్గరలో, కర్ణాటకలోని చిక్కబళ్లాపుర జిల్లాలో అలీపూర్ అనే ఊరు ఉన్నది. అక్కడ బధిరుల సంఖ్య ఎక్కువ. ఆ ఊరికే ప్రత్యేకమైన సంజ్ఞాభాష ఒకటి తనంతట తానే పుట్టి పెరిగింది. వినగలవారిలో కూడా ఎందరో బధిరులైన తమ బంధువులతో, ఇరుగుపొరుగువారితో దానిలోనే ముచ్చటించుకొంటారు.