అవ్వకు ఇల్లు వస్తుందా?

వానలు పడుతున్నాయి. అవ్వ గుడిసె కారుతోంది. మట్టి గోడ ఒక పక్కకు ఒరిగింది. అవ్వకు 67 ఏళ్లు. తాతకు 72 ఏళ్లు. పిల్లలు లేరు. ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే.

"ఇల్లు బాగు చేసుకోడానికి గవర్నమెంటు డబ్బు ఇస్తుందంట గదా?" అని అవ్వ సంఘం లీడరును అడిగింది.

"ఒకప్పుడు ఇచ్చేవాళ్లు అవ్వా" అంది లీడరు.

ఇందిరా ఆవాస్ యోజనలో 1999 నుంచి పాత ఇళ్ల బాగుకు కూడా డబ్బు ఇచ్చారు. మొదట 10,000 రూపాయలు ఇచ్చారు. 2008లో 15,000 చేశారు. 2016లో దాని స్థానంలో ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ వచ్చింది. ఇందులో మరమ్మతుకు డబ్బు లేదు. కొత్త ఇల్లు కట్టుకోడానికే ఇస్తారు. మైదానం ఊళ్లలో 1,20,000 రూపాయలు. కొండ ప్రాంతాల్లో 1,30,000 రూపాయలు.

ఎవరికి వస్తుంది?

ఇల్లు లేనివాళ్లకు. గోడలు, కప్పు రెండూ కచ్చావై, రెండు గదులకు మించని ఇంట్లో ఉండేవాళ్లకు.

ఎవరికి రాదు?

కారు, ట్రాక్టరు ఉన్నవాళ్లకు రాదు. ఇంట్లో ఒకరికి గవర్నమెంటు ఉద్యోగం ఉన్నా రాదు. ఒకరి సంపాదన నెలకు 15,000 దాటినా రాదు. నీటి వసతి ఉన్న భూమి రెండున్నర ఎకరాలు గానీ, వాన మీద పండే భూమి 5 ఎకరాలు గానీ ఉంటే రాదు. స్కూటరు, ఫ్రిజ్ ఉంటే రాదనే నిబంధనను 2024లో తీసేశారు.

"ముసలోళ్లం. మమ్మల్ని ఎవరు లెక్క చేస్తారమ్మా?" అంది అవ్వ.

"లెక్క చేస్తారు అవ్వా. 16 నుంచి 59 ఏళ్ల మధ్య మనిషి ఒక్కరూ లేని ఇంటిని వరసలో ముందుకు తెస్తారు."

"మరి ఇల్లు కట్టే ఓపిక మాకేదీ?"

"ముసలివాళ్లు కట్టుకోలేకపోతే కట్టించడానికి ప్రభుత్వమే సాయం చేయాలి. కాంట్రాక్టరుకు అప్పగించకూడదు."

"ఒకాయన 2,000 ఇస్తే పేరు ఎక్కిస్తానన్నాడు. మేకను అమ్మి ఇద్దామనుకున్నాను."

"అమ్మొద్దు అవ్వా! పేరు ఎక్కించడానికి ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు. ఇంటి డబ్బు విడతలుగా నేరుగా బ్యాంకు ఖాతాలోకే వస్తుంది."

గ్రామసభ రోజు జాబితా గోడకు అంటించారు. అవ్వ రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. వేలు పెట్టి ఒక్కో పేరే చదివింది. తన పేరు లేదు. సభలో లేచి నిలబడింది. "నా పేరు ఎందుకు లేదు? రాసుకోండి" అంది. ఆమె మాట రిజిస్టరులో రాశారు. కింద అవ్వ సంతకం చేసింది.

గుర్తుంచుకోండి

జాబితాను గ్రామసభలో చదవాలి. పేరు లేకపోతే అక్కడే అడగాలి. అక్కడ న్యాయం జరగకపోతే జిల్లాలో అప్పీలు కమిటీకి రాసి ఇవ్వొచ్చు. రాష్ట్ర ప్రభుత్వ ఇళ్ల పథకాలకు నిబంధనలు వేరు. వాటిని మండలం ఆఫీసులో అడగండి.

చెప్పండి

1. మీ ఊళ్లో ముసలివాళ్లు మాత్రమే ఉండే ఇళ్లు ఎన్ని?
2. వాళ్ల పేర్లు జాబితాలో ఉన్నాయా? ఎవరు చదివి చెబుతారు?