కంఠభేదములు - విద్యార్థుల శ్రుతి

ధనుర్మాసమున తెల్లవారుజామున గోష్ఠిలో పాశురములు పఠించునపుడు పది కంఠములు కలిసినను ఏ రెండును ఒక్క తీరున నుండవు. ఈ భేదమును మన లాక్షణికులు పూర్వమే విచారించిరి.

13వ శతాబ్దమున దేవగిరి యాదవప్రభువగు సింఘణుని ఆశ్రయమున నుండిన శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున, ప్రకీర్ణకాధ్యాయమందు, కంఠధ్వనిని నాలుగు విధములుగా విభజించెను. కఫప్రధానమగు ఖాహులము స్నిగ్ధము, మధురము, సుకుమారము. పిత్తప్రధానమగు నారాటము మంద్ర మధ్య తారములు మూడింటను గంభీరముగా పలుకును. వాతప్రధానమగు బొంబకము బిగ్గరయే కాని కఱకు. లోన సారము లేదు. దానిని ఆముదపు కాడతో పోల్చుట చూడగా ఆ మహాపండితుడును ఎందఱి పాటనో ఓర్చుకొని వినియుండునని తోచును. ఈ మూడింటి కలయికచే నేర్పడునది మిశ్రకము.

విద్యార్థులలో తఱచుగా కనబడునది ఈ మిశ్రకమే. దేహమున త్రిదోషములు కలిసియే యుండును గదా! కంఠమున మాత్రము ఒక్కటే యెట్లుండును? శార్ఙ్గదేవుడును మిశ్రకమునే మిక్కిలి విస్తరించి చెప్పెను. శుద్ధమగు నారాటము అరుదు. పాశ్చాత్య గానశాలలందును మిక్కిలి హెచ్చు తార కంఠము గాని, మిక్కిలి లోతైన కంఠము గాని పురుషులలో కొలదిమందికే యుండును. బారిటోన్ అనబడు నడిమి కంఠమే ఎక్కువమందిది.

కావున ఒక్క శ్రుతిపెట్టె ముందు అందఱిని కూర్చుండబెట్టి ఒకే శ్రుతిలో పాడించుట తగదు. కర్ణాటక సంగీతమున పురుషులు సాధారణముగా ఒకటి మొదలు రెండు శ్రుతులలోను, స్త్రీలు నాలుగున్నర మొదలు ఆరు శ్రుతులలోను పాడుదురు. మంద్ర పంచమము స్పష్టముగా వినబడి, తార మధ్యమ పంచమములు మెడనరములు బిగియక పలికిన చోటే ఆ విద్యార్థి శ్రుతి. గురువు పదినిమిషములు ఓపికతో పరీక్షించిన తెలియును.

చిక్కంతయు పండ్రెండు మొదలు పదునైదేండ్ల బాలుర విషయమున కలదు. అంతవఱకు బాలికలతో సమముగా పాడిన పిల్లవాని స్వరపేటిక పెరిగి, కంఠము సుమారు ఒక స్థాయి దిగిపోవును. కొన్ని నెలలు గొంతు పగులును, జాఱును. దానిని అశ్రద్ధ యని తలచి, "నీవు పాడకుము, వెనుక కూర్చుండుము" అని పదుగురిలో అన్నచో వాడు సిగ్గుపడి కోవెల గోష్ఠికే రాకుండును. ఇట్లు సంగీతమును విడిచినవారు ఎందఱో!

అట్టివానిచే ఆ దినములలో తారము పాడింపరాదు. తెల్లవారుజామున అఱచి సాధన చేయింపరాదు. వానికి సుఖమగు నాలుగైదు స్వరములలోనే విలంబముగా సరళీవరుసలు చెప్పించి, నెలకొకమారు శ్రుతిని సరిచూచుచుండవలెను. గోష్ఠిలో మాత్రము వాని చోటు వానికే యుండవలెను. మెల్లగా పలికినను చాలును. కంఠము కుదుటపడిన పిమ్మట ఆ పిల్లవాడే పెద్దల ప్రక్కన మంద్రమున అందుకొనును.