విజ్ఞానయాత్ర బస్సు: పిల్లల ప్రాణాలకు పూచీ ఎవరిది?

హాస్టల్లో ఉండే పిల్లలు ఏడాదిలో ఎదురుచూసే రోజులు రెండో మూడో ఉంటాయి. సంక్రాంతి సెలవులు, వార్షికోత్సవం, ఆ తరువాత విజ్ఞానయాత్ర. కార్తీకమాసం వచ్చిందంటే ఈసారి ఎక్కడికి తీసుకువెళతారని వార్డెన్ గారి చుట్టూ తిరగడం మొదలవుతుంది. కొండపల్లి ఖిల్లా, ఉండవల్లి గుహలు, ఘంటసాల, అమరావతి, మంగినపూడి, హంసలదీవి, నాగార్జునసాగర్... ఏ ఊరు వెళ్ళాలి, ఏం వండించుకోవాలి, తలకు ఎంత వేసుకోవాలి అని గంటల తరబడి చర్చలు జరుగుతాయి. బస్సు దగ్గరకు వచ్చేసరికి మాత్రం అందరం అడిగేది ఒకటే ప్రశ్న: కిరాయి ఎంత?

కిరాయి కంటే ముందు అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. వాటిని ఒక పాఠంలాగా ఈ సంచికలో రాస్తున్నాము. మేము ఇదే హాస్టల్లో చదువుకుని బయటకు వెళ్ళినవాళ్ళం. మాలో కొందరం పాఠాలు చెబుతున్నాం, కొందరం పక్కనే ఉన్న ఆటోనగర్ గ్యారేజీల్లో పని చేస్తున్నాం. ఈ విషయం గురించి రెండు వైపుల నుంచీ ఆలోచించి రాసిన వ్యాసం ఇది.

గేటు దాటిన దగ్గర నుంచి గేటులోకి వచ్చేదాకా

మొదటి పాఠం చాలా చిన్నది. పిల్లవాడు గేటు దాటిన దగ్గర నుంచి తిరిగి అదే గేటులోకి వచ్చేదాకా అతని క్షేమానికి తీసుకువెళ్ళిన సంస్థే జవాబుదారీ. బస్సు కిరాయికి మాట్లాడాం కాబట్టి పూచీ ఓనరుదేనని, బస్సు దిగాక గైడుదని, తల్లిదండ్రుల చేత సంతకం పెట్టించుకున్నాం కాబట్టి వాళ్ళదేనని చాలామంది అనుకుంటారు. న్యాయస్థానాలు అలా అనుకోలేదు.

1995 మే 28న పంజాబులోని పఠాన్‌కోట్ ప్రాంతానికి చెందిన డల్హౌసీ పబ్లిక్ స్కూలు పిల్లలను బియాస్ నది ఒడ్డుకు విహారయాత్రకు తీసుకువెళ్ళారు. 14 మంది పిల్లలు నీళ్ళలో మునిగి చనిపోయారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఉపాధ్యాయులు పాఠశాల పని మీదే పిల్లలను తీసుకువెళ్ళారు కనుక వారి నిర్లక్ష్యానికి పాఠశాలే బాధ్యత వహించాలని, ఒక్కొక్క బిడ్డ తల్లిదండ్రులకు 5 లక్షల రూపాయలు చెల్లించాలని 2001లో తీర్పు వచ్చింది.

అదే బియాస్ నది 2014 జూన్ 8న మన తెలుగు పిల్లలను మింగింది. హైదరాబాదు వి.ఎన్.ఆర్. విజ్ఞాన జ్యోతి ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్ యాత్రకు వెళ్ళి మండి జిల్లాలో నదిలోకి దిగి ఫొటోలు తీసుకుంటుండగా, పైనున్న లార్జీ డ్యాము నుంచి వదిలిన నీరు వారి మీదకు వచ్చింది. 24 మంది విద్యార్థులు, యాత్ర నిర్వాహకుల మనిషి ఒకరు కొట్టుకుపోయారు. నీళ్ళు వదిలింది విద్యుత్ బోర్డువాళ్ళు. అయినా 2016లో హిమాచల్ హైకోర్టు ఒక్కొక్క కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం నిర్ణయించి, అందులో 60 శాతం విద్యుత్ బోర్డు, 30 శాతం కళాశాల, 10 శాతం రాష్ట్ర ప్రభుత్వం భరించాలని చెప్పింది. ఎదుటివాళ్ళ తప్పు ఎంత పెద్దదైనా, పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళినవాళ్ళ వంతు బాధ్యత చెరిగిపోదు. తల్లిదండ్రులు సంతకం చేసిన అంగీకార పత్రం కూడా నిర్లక్ష్యానికి మాఫీ పత్రం కాదు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే నష్టపరిహారంతో సరిపోదు, క్రిమినల్ కేసు కూడా ఉంటుంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను ప్రకారం అయిదేళ్ళ దాకా జైలు పడవచ్చు.

రెండు రిజిస్టర్ల పిల్లలు

మనలాంటి పిల్లలకు ఇంకొక చిక్కు ఉంది. మన పేరు బడి రిజిస్టరులో ఉంటుంది, హాస్టల్ రిజిస్టరులోనూ ఉంటుంది. యాత్రకు బడి తీసుకువెళితే హాస్టల్ వాళ్ళు బడి చూసుకుంటుందిలే అనుకుంటారు. హాస్టల్ తీసుకువెళితే బడి పట్టించుకోదు. అమ్మానాన్నలేమో తిరువూరు దగ్గరో, అవనిగడ్డ దగ్గరో కూలి పనుల్లో ఉంటారు. కొడుకు ఏ బస్సు ఎక్కాడో, ఎప్పుడు తిరిగివస్తాడో వాళ్ళకు తెలియదు. ఊళ్ళో ఉండే పిల్లవాడి తండ్రి బస్సు దగ్గరకు వచ్చి టైర్లు చూసి, డ్రైవరుతో నాలుగు మాటలు మాట్లాడగలడు. మన తరపున ఆ పని చేసేవాళ్ళు ఎవరూ ఉండరు. అందుకే హాస్టల్ పిల్లల విషయంలో సంస్థ ఇంకా ఎక్కువ జాగ్రత్త పడాలి.

కాబట్టి బడి యాత్ర అయితే ప్రధానోపాధ్యాయులు వార్డెన్ గారికి ముందుగా రాసి ఇవ్వాలి: ఎక్కడికి, ఎంతమంది, ఏ నంబరు బస్సు, వెంట వచ్చే మాస్టార్లు ఎవరు, తిరిగివచ్చేది ఎప్పుడు. హాస్టల్ యాత్ర అయితే ఆ కాగితం బడికి వెళ్ళాలి. పిల్లల పేర్లు, ఇంటి ఫోను నంబర్లు, రక్తం గ్రూపులు ఉన్న జాబితా ఒకటి బస్సులో, ఒకటి హాస్టల్లో ఉండాలి. చదువురాని తల్లిదండ్రుల చేత వేలిముద్ర వేయించుకునే ముందు కాగితంలో ఏముందో చదివి వినిపించాలి. ఆడపిల్లల హాస్టల్ అయితే వెంట మహిళా సిబ్బంది తప్పనిసరి.

బండి ఎంపిక

సరుకు బండి వద్దే వద్దు. లారీ, ట్రాక్టరు ట్రక్కు, డీసీఎం ఎంత చవకగా వచ్చినా పిల్లలను ఎక్కించకూడదు. సరుకు రవాణా వాహనంలో ఊరికే ఎక్కించుకున్న మనుషులకు ఏదైనా జరిగితే బీమా కంపెనీ బాధ్యత వహించనక్కరలేదని ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. అంటే ప్రాణం పోయిన ఇంటికి బీమా నుంచి ఆసరా కూడా అందకుండా పోతుంది.

తెల్ల నంబరు ప్లేటు బండి సొంతానికి వాడుకునేది, కిరాయికి తిరగకూడదు. కిరాయి బండికి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు ఉండాలి. ఇంకొక అలవాటు కూడా ఉంది: ఆదివారం ఖాళీగా ఉన్న వేరే ప్రైవేటు స్కూలు బస్సును మాట్లాడుకోవడం. మోటారు వాహనాల చట్టం ప్రకారం విద్యాసంస్థ బస్సు ఆ సంస్థ విద్యార్థుల, సిబ్బంది అవసరాలకే తిరగాలి. బయటి వాళ్ళకు కిరాయికి ఇవ్వడానికి ఆ పర్మిట్టు పనికిరాదు.

బయానా ఇచ్చే ముందే సి-బుక్కు, ఎఫ్.సి., పర్మిట్టు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం, డ్రైవరు లైసెన్సు చూడాలి. బస్సు నంబరు కొడితే ఎఫ్.సి., ఇన్సూరెన్సు గడువులు ఎం-పరివాహన్ యాప్‌లో కనబడతాయి. మన రాష్ట్రంలో విద్యాసంస్థల బస్సుల ఎఫ్.సి. గడువు ఏటా మే 15తో ముగుస్తుంది. తరువాత బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు మళ్ళీ తనిఖీ చేస్తేనే బస్సు రోడ్డెక్కాలి.

1997 నవంబరులో ఢిల్లీలో ఒక స్కూలు బస్సు యమునా నదిలో పడి 28 మంది పిల్లలు చనిపోయిన తరువాత, ఎం.సి.మెహతా కేసులో సుప్రీంకోర్టు స్కూలు బస్సులకు కొన్ని ఆదేశాలిచ్చింది. వేగ నియంత్రణ పరికరం, కిటికీలకు అడ్డ కడ్డీలు, గట్టి గడియ ఉన్న తలుపులు, ప్రథమ చికిత్స పెట్టె, మంటలార్పే సిలిండరు, పిల్లలను చూసుకునే సహాయకుడు, భారీ వాహనాలు నడపడంలో కనీసం 5 ఏళ్ళ అనుభవమున్న డ్రైవరు ఉండాలన్నది. కిరాయి బస్సు అయితే స్కూలు డ్యూటీలో ఉన్నట్లు బోర్డు పెట్టాలన్నది. తరువాత దేశమంతటా వచ్చిన స్కూలు బస్సుల నిబంధనలకు ఇవే దారి చూపాయి.

ఆటోనగర్ మేస్త్రీ చూసే చూపు

కాగితాలు బాగుంటే బండి బాగున్నట్లు కాదు. ఎఫ్.సి. ఆ రోజు బండి ఎలా ఉందో చెబుతుంది, ఈ రోజు సంగతి చెప్పదు. కాబట్టి యాత్రకు ముందు రోజు పగటి పూట బస్సును ఒక అనుభవమున్న మేస్త్రీ చేత చూపించాలి. ఆయన చూసేవి ఇవి:

1. టైర్లు: అరిగి నున్నబడినవి, పక్కన చీలినవి ఉండకూడదు. ముందు చక్రాలకు రీట్రేడింగ్ టైర్లు వద్దు. స్టెప్నీ, జాకీ బండిలోనే ఉండాలి.

2. బ్రేకులు: ఎయిర్ బ్రేకుల బండి అయితే గాలి నిండాక ఇంజను ఆపి బ్రేకు తొక్కి పట్టుకోవాలి. మీటరు ముల్లు ఒకసారి తగ్గి నిలబడితే సరే. పడిపోతూనే ఉంటే ఎక్కడో గాలి లీకవుతున్నట్లే.

3. కమాన్లు: బస్సు ఖాళీగా ఉన్నప్పుడే ఒక పక్కకు ఒరిగి ఉంటే కమాను పట్టీలు చూడాలి.

4. లైట్లు, వైపర్లు, హారను, వెనుక ఎర్ర లైట్లు, ఇండికేటర్లు.

5. అత్యవసర ద్వారం: లోపలి నుంచి చేత్తో తెరిచి చూడాలి. తుప్పు పట్టి బిగిసిపోతే అది తలుపు కాదు, గోడ. 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కల్వర్టును ఢీకొన్న బస్సుకు మంటలంటుకుని 45 మంది సజీవదహనమయ్యారు. బస్సులో మంట లేచినప్పుడు బయటపడే వ్యవధి చాలా తక్కువ. అందుకే వంట పాత్రలు, గ్యాసు సిలిండరు పిల్లలున్న బస్సులో పెట్టకూడదు. వంట సామాను వేరే బండిలో పంపాలి.

సీట్లు ఎన్నో పిల్లలు అందరే. మధ్య దారిలో స్టూళ్ళు వేయడం, ఇంజను బానెట్ మీద కూర్చోబెట్టడం వద్దు.

డ్రైవరు కూడా మనిషే

2016 మార్చిలో అమలాపురంలో ఆటల పోటీలకు వెళ్ళి హైదరాబాదు తిరిగివెళుతున్న ఉస్మానియా వైద్య విద్యార్థుల ప్రైవేటు బస్సు రాత్రిపూట మన విజయవాడ పక్కన గొల్లపూడి, సూరాయపాలెం దగ్గర చెట్టును ఢీకొంది. నలుగురు వైద్య విద్యార్థులు, డ్రైవరు చనిపోయారు. డ్రైవరు మద్యం తాగి ఉన్నాడని బతికి బయటపడినవాళ్ళు ఆరోపించినట్లు పత్రికల్లో వచ్చింది.

యాత్రల ప్రమాదం ఎక్కువగా తిరుగు ప్రయాణంలోనే పొంచి ఉంటుంది. పొద్దుటి నుంచి నడిపిన డ్రైవరు, పిల్లలు గుళ్ళూ గుహలూ చూస్తున్నంతసేపూ ఎండలో బస్సు దగ్గరే కూర్చుని, రాత్రికి మళ్ళీ స్టీరింగు పడతాడు. రోజుకు 8 గంటల పని అన్నది డ్రైవరుకూ వర్తిస్తుంది. అంతకు మించే యాత్ర అయితే రెండో డ్రైవరును అడగాలి. డ్రైవరుకు వేళకు భోజనం పెట్టి, మధ్యాహ్నం నడుం వాల్చడానికి నీడ చూపించడం నిర్వాహకుల పనే. చీకటి పడేలోగా హాస్టల్ చేరేలా కార్యక్రమం వేసుకోవాలి. ముందు సీటులో ఒక మాస్టారు మెలకువగా కూర్చోవాలి. వేగం ఎక్కువైనా, డ్రైవరు కునికినా, సెల్‌ఫోను పట్టుకున్నా బస్సు ఆపించే అధికారం ఆయనకు ఉన్నట్లు కిరాయి కాగితంలోనే రాయించుకోవాలి.

మన దారులు

కృష్ణా డెల్టాలో రోడ్డు పక్కన కాలువ ఉంటుంది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ గట్ల మీద చాలాచోట్ల పిట్టగోడ ఉండదు, ఎదురు బండికి దారి ఇవ్వబోతే చక్రం గట్టు అంచుకు వెళుతుంది. యాత్రలు వెళ్ళే నవంబరు నుంచి జనవరి దాకా తెల్లవారుజామున మంచు కమ్ముతుంది. అవే రోజుల్లో రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు, వెనుక లైటు లేని ట్రాక్టర్లు, చెరకు బళ్ళు తిరుగుతాయి. కాబట్టి తెల్లారి పొగమంచు విడిచాకే బయలుదేరాలి. దగ్గర దారి అని కాలువ గట్టు ఎక్కకుండా పెద్ద రోడ్డు మీదే వెళ్ళాలి.

2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే గేటు దాటుతున్న స్కూలు బస్సును రైలు ఢీకొట్టి పదిహేను మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది చిన్నపిల్లలే. అలాంటి గేటు దగ్గర బండి ఆపి, సహాయకుడు దిగి నడిచివెళ్ళి, ఏ వైపు నుంచీ రైలు రావడం లేదని చూశాకే బండిని దాటించాలని మోటారు వాహనాల చట్టం 131వ సెక్షను అప్పటికే చెబుతోంది. 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజి లైన్ల మీద కాపలా లేని గేట్లన్నీ తీసేశారు. అయినా దిగి చూసే అలవాటు పోకూడదు. బస్సు వెనక్కి తీసేటప్పుడు, పిల్లలు రోడ్డు దాటేటప్పుడు సహాయకుడు కిందనే ఉండాలి.

తమ్ముళ్ళు చేయవలసినవి

ఎక్కేటప్పుడూ, ఆగిన ప్రతిచోటా తల లెక్క చెప్పండి. పది మందికి ఒక లీడరును పెట్టుకోండి. చేతులు, తలలు కిటికీ బయట పెట్టకండి. "అన్నా, స్పీడు పెంచు" అని డ్రైవరును ఉసిగొల్పకండి. అత్యవసర ద్వారం ఎటువైపు ఉందో కూర్చోగానే చూసుకోండి. మాస్టారు చెప్పకుండా నీళ్ళలోకి దిగకండి. ప్రమాదం జరిగితే 108కి గానీ 112కి గానీ, జాతీయ రహదారి మీద అయితే 1033కి గానీ ఫోను చేయండి. భయం వేస్తే నోరు తెరిచి చెప్పండి. బస్సు ఆపమని అడగడం అమర్యాద కాదు.

ఇన్ని జాగ్రత్తలకు డబ్బు ఎక్కడిదని పెద్దలు అడగవచ్చు. మంచి బస్సుకు డబ్బు చాలకపోతే దూరం తగ్గించుకోవచ్చు. ఉండవల్లి, కొండపల్లి, నగరంలోని బాపు మ్యూజియం ఆర్టీసీ బస్సుల్లో వెళ్ళి చూసిరాదగినవే. సాగర్ చూడలేదన్న లోటు ఎప్పుడైనా తీరుతుంది. సంక్షేమ హాస్టల్ పిల్లవాడు కాబట్టి ఏ బండి అయినా ఫరవాలేదన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాకూడదు. ఫీజులు కట్టి చదివే పిల్లలకు ఎలాంటి బస్సు కావాలో మన పిల్లలకూ అలాంటి బస్సే కావాలి.

పూర్వ విద్యార్థుల తరపున ఒక మాట ఇస్తున్నాము. ఇక ముందు ఈ హాస్టల్ నుంచి యాత్ర బయలుదేరే ప్రతిసారీ ముందు రోజు కబురు చేయండి. ఆటోనగర్లో ఉన్న మా వాళ్ళు వచ్చి పైసా తీసుకోకుండా బస్సును చూసి, ఏముందో కాగితం మీద రాసి వార్డెన్ గారికి ఇస్తారు. మేస్త్రీ వద్దన్న బస్సు ఎక్కవద్దు, ఆ రోజుకు యాత్ర ఆగిపోయినా సరే.