తెలుగులో సాఫ్ట్‌వేర్ పుస్తకం: కూర్పుకు కావలసిన సరంజామా

సాఫ్ట్‌వేర్ రాయడం ఒక ఎత్తు, దాన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకం తయారుచేయడం మరో ఎత్తు. స్ఫింక్స్ అనే ఉచిత సాధనం ఆ పుస్తకాన్ని కడుతుంది గాని, మామూలు దారిలో పీడీఎఫ్ కావాలంటే వెనక ‘టెక్’ ఉండాలి. తన గ్రంథం ప్రూఫుల్లో అక్షరాల తీరు నచ్చక డొనాల్డ్ కనూత్ 1977లో మొదలుపెట్టిన కూర్పు వ్యవస్థ ఇది.

చాలామంది టెక్‌లైవ్ మొత్తం దించుకుంటారు. అన్నీ కలిపి కొన్ని గిగాబైట్లు! చిలకలగూడ అద్దెగదిలో ఫోన్ డేటాతో నెట్టుకొచ్చేవాళ్లకు అది రెండు గుంటల మడికి హార్వెస్టరు తెచ్చినట్టే. ఉబుంటులో లేటెక్స్ రికమెండెడ్, ఫాంట్స్ రికమెండెడ్, లేటెక్స్ ఎక్‌స్ట్రా, టెక్‌గైర్, లేటెక్స్‌ఎంకే చాలు. చివరిదాన్ని మరవొద్దు. ఏ అధ్యాయం ఏ పేజీలో పడిందో ఒకసారి కూర్చాకే తెలుస్తుంది గదా, విషయసూచిక కుదిరేదాకా మళ్ళీ మళ్ళీ కూర్పించేది అదే.

ఇంగ్లీషు పుస్తకమైతే ఇంతటితో సరి. అసలు తంటా తెలుగుతోనే. స్ఫింక్స్ మామూలుగా పిలిచే పీడీఎఫ్‌లేటెక్స్ మన అక్షరం కనబడగానే ఆగిపోతుంది. 2004లో జోనాథన్ క్యూ తెచ్చిన జీటెక్ యూనికోడ్‌ను నేరుగా చదువుతుంది. కనుక జీటెక్, అకారాది సూచికకు జిండీ, ఫ్రీఫాంట్, పోతన, వేమన ఫాంట్లుండే ఫాంట్స్-తెలు-ఎక్‌స్ట్రా ప్యాకేజీ కూడా ఎక్కించి, కాన్ఫ్ ఫైల్లో ఇంజనును జీలేటెక్స్‌గా మార్చాలి. ఫాంటు పేరు పక్కనే లిపి తెలుగు అని కూడా రాయాలి. లేకుంటే ‘రక్తం’లో తవత్తు కిందికి దిగదు, పొల్లు క పక్కన త నిలబడుతుంది. పంటలెక్కల సాఫ్ట్‌వేర్ పుస్తకం అలా అచ్చువేసి మా నాయన చేతికిస్తే రెండో పేజీ తిప్పడు.

ఇవన్నీ అమరాక ‘మేక్ లేటెక్స్‌పీడీఎఫ్’ అని కొట్టండి.