ఐసీయూ తెర చెప్పేది, చెప్పనిది

ఐసీయూలో ఉన్నవారి పరామర్శకు వెళ్తే మన చూపు ముందుగా మంచం పక్కనున్న మానిటర్ మీదే పడుతుంది. గీత కదులుతుంటే కుదుటపడతాం, కూత పెడితే కంగారు పడతాం. ఆ తెర ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలిస్తే, దానం చేసే మనకు సొమ్ము ఎక్కడ పెట్టాలో కూడా తెలుస్తుంది.

అసలు ఐసీయూ పుట్టింది తెరలతో కాదు. 1952లో డెన్మార్క్‌లోని కోపెన్‌హేగన్‌లో పోలియో విజృంభించింది. ఊపిరి ఆడని రోగుల గొంతుకు గొట్టం వేయించి, రబ్బరు సంచితో గాలి అందించే ఏర్పాటు చేశారు డాక్టర్ బ్యోర్న్ ఇబ్సెన్. సుమారు 1500 మంది విద్యార్థులు వంతులవారీగా రాత్రింబగళ్ళు ఆ సంచులు నొక్కారు. రోగి రంగు, చెమట, నాడి చూస్తూ కూర్చున్న ఆ పిల్లలే తొలి మానిటర్లు!

వేలికి తగిలించే క్లిప్పు వెనకాల సూత్రాన్ని 1974లో జపాన్ ఇంజనీరు తకువో అయోయాగి వెల్లడించారు. అది వేలిలోంచి కాంతిని పంపి రక్తంలోని ఆక్సిజన్‌ను అంచనా కడుతుంది. మామూలుగా 95 శాతం పైన ఉండాలి. అయితే చేతులు చల్లబడినా, గోళ్ళకు రంగున్నా, నల్ల మెహందీ పెట్టుకున్నా అంకె తప్పవచ్చు, అసలు రాకపోవచ్చు. నల్లని చర్మం గలవారిలో ఉన్నదానికన్నా ఎక్కువ చూపే అవకాశమూ ఉంది. మన ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు.

రక్తపోటులో వైద్యులు సగటును చూస్తారు. కింది అంకెను రెట్టింపు చేసి, పై అంకెను కలిపి, మూడుతో భాగించాలి. 90/60 అయితే 70. సాధారణంగా 65కు తగ్గకుండా చూస్తారు. తగ్గితే మూత్రపిండాలకు రక్తం చాలదు. ఆ సంగతి మూత్రపు సంచి చెబుతుంది. 60 కిలోల మనిషికి గంటకు కనీసం 30 మిల్లీలీటర్లు రావాలి. ఈ లెక్క మామూలు మానిటర్లో కనబడదు. నర్సు గంటగంటకూ వంగి చూసి రాయాల్సిందే.

ఇక కూతలు. క్లిప్పు జారినా మోగుతుంది, రోగి కదిలినా మోగుతుంది. రోజంతా వింటే చెవి మొద్దుబారుతుంది. మనం బడిలో చెప్పే 'నాన్నా పులి' కథే ఇక్కడా జరుగుతుంది. నిజంగా పులి వచ్చిన రాత్రి లేచి వెళ్ళే మనిషి ఉండాలి కదా.

మానిటర్ ఇస్తామనే దాతలు దొరుకుతారు, పేరు చెక్కించుకోవచ్చు గనుక. అరిగిపోయే క్లిప్పులకు, పిల్లల చేతికి సరిపోయే బీపీ పట్టీలకు, బ్యాటరీలకు ఇచ్చేవారు అరుదు. ఇలాంటివాటికి సదఖా సొమ్ము వాడుకోవచ్చు. జకాత్ విషయంలో మాత్రం ముందుగా ఉలమాను అడగాలి. చెక్కు రాసేముందు ఆసుపత్రివారిని ఒక ప్రశ్న వేద్దాం: రాత్రి రెండు గంటలకు ఈ తెరల ముందు ఎందరు నర్సులుంటారు? జవాబు తృప్తిగా లేకపోతే, ఈసారి మానిటర్ బదులు ఒక నర్సు ఏడాది జీతం ఇస్తామని చెబుదాం.