తెలుగు మెసేజ్‌ని కోడ్‌తో దాచేద్దాం, తర్వాత మనమే బ్రేక్ చేద్దాం

"రేపు అమ్మ వస్తుంది" అనే మెసేజ్‌ని "శేభు అల్ల సఱ్ధుంపి" అని మార్చి పంపితే పక్కనున్నవాళ్లకి ఒక్క ముక్క అర్థం కాదు. ఇలా ఒక అక్షరం బదులు ఇంకో అక్షరం పెట్టడాన్నే సబ్‌స్టిట్యూషన్ సైఫర్ అంటారు. రోమ్‌లో జూలియస్ సీజర్ తన ఉత్తరాల్లో అక్షరాల్ని మూడు స్థానాలు జరిపి రాసేవాడు. పైన మనం చేసిందీ అదే.

పైథాన్‌లో ఇలా రాయండి:

1. క నుంచి మ వరకు, తర్వాత య, ర, ల, వ, శ, ష, స, హ, ళ, ఱ. ఈ 35 హల్లుల్నీ వరుసగా ఒక స్ట్రింగ్‌లో పెట్టండి.

2. మెసేజ్ మీద లూప్ నడపండి. యూనికోడ్‌లో "పు" అంటే ప ఒక కోడ్, దాని కొమ్ము ఇంకో కోడ్. కాబట్టి హల్లు విడిగానే దొరుకుతుంది. ఫైండ్ ఫంక్షన్ మైనస్ 1 ఇస్తే అది అచ్చో, గుణింతమో, స్పేసో అన్నమాట. దాన్ని అలాగే వదిలేయండి.

3. హల్లు దొరికితే దాని స్థానానికి 3 కలిపి, 35తో భాగించి శేషం తీసుకోండి. ళ స్థానం 33 (లెక్క సున్నా నుంచి). 36లో శేషం 1, అంటే ఖ.

4. డీక్రిప్ట్ చేయాలంటే 3 కలిపే చోట 3 తీసేయండి. అంతే!

ఇప్పుడు బ్రేక్ చేద్దాం. జరపడానికి ఉన్నవి 34 అంకెలే, అన్నీ ట్రై చేయడానికి సెకను కూడా పట్టదు. మరి హల్లుల్ని ఇష్టమొచ్చినట్టు కలిపేస్తే? అప్పుడు కీల సంఖ్య 41 అంకెలంత పెద్దది. అన్నీ ట్రై చేయడం కుదరదు. కానీ ఆ అవసరమే లేదు! వస్తుంది, ఉంది, చెప్పింది... అన్నిటి చివరా "ంది". సైఫర్‌లో ద ఏ అక్షరంగా మారినా అన్ని చోట్లా అదే కనిపిస్తుంది. "అమ్మ"లో జంట మ కూడా జంటగానే ఉంటుంది. వేషం మారినా నడక మారలేదు. ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టి సైఫర్ విప్పే ఈ పద్ధతిని 9వ శతాబ్దంలోనే అల్-కిండి రాసిపెట్టాడు.

ఇది పజిల్ మాత్రమే కాదు. స్కాట్‌లాండ్ రాణి మేరీ 1586లో ఇలాంటి గుర్తుల భాషనే నమ్ముకుని కుట్ర ఉత్తరాలు నడిపింది. థామస్ ఫెలిప్స్ వాటిని విప్పేశాడు. 1587లో ఆమె తల తెగింది.

అందుకే మీరు నోట్స్ యాప్ చేస్తూ పాస్‌వర్డ్‌లు దాచాలనుకుంటే సొంత సైఫర్ వద్దు. పైథాన్‌లోనే క్రిప్టోగ్రఫీ లైబ్రరీ ఇన్‌స్టాల్ చేసి ఫెర్నెట్ వాడండి, లోపల ఏఈఎస్ ఉంటుంది. ఒకే కీతో "అమ్మ" అని రెండుసార్లు ఎన్‌క్రిప్ట్ చేసి చూడండి. రెండుసార్లూ వేరే వేరే అవుట్‌పుట్ వస్తుంది. లెక్కపెట్టడానికి అక్కడ ఏమీ మిగలదు.